మా బాబాయి శాఖ మార్పు దరఖాస్తులు

మా బాబాయికి సిగరెట్టు లేదు, పేకాట లేదు, ఎవరి మీదా కోపం లేదు. ఆయనకున్న జబ్బల్లా ఒక్కటే: కథ సగంలో ఉండగా మాంత్రికుడి శాఖ మార్చేయడం.

ఇది అర్థం కావాలంటే మా ఆట గురించి నాలుగు ముక్కలు చెప్పాలి. ప్రతి ఆదివారం మధ్యాహ్నం, నేను పనిచేసే లైబ్రరీ వెనక గదిలో, పాత పత్రికల బీరువాల మధ్య ఓ పొడుగు బల్ల చుట్టూ కూర్చుని ఆడతాం. ఒకడు కథ చెబుతాడు, అది నేను. మిగతావాళ్ళు తలో పాత్ర అయిపోతారు. "ఎదురుగా నది ఉంది, వంతెన విరిగింది, ఏం చేస్తారు?" అని నేనంటే ఎవరికి తోచింది వాళ్ళు చెప్పి, ఇరవై ముఖాల పాచిక వేస్తారు. పెద్ద అంకె పడితే నది దాటినట్టు, చిన్నది పడితే నదిలో పడినట్టు. ఒకటే కథ నాలుగేళ్ళుగా నడుస్తోంది. ఆడినకొద్దీ పాత్రలు మెట్టు మెట్టుగా పైకెళతాయి.

మాంత్రికుడి పాత్ర తీసుకున్నవాళ్ళు మొదట్లోనే ఒక శాఖ ఎంచుకోవాలి. కనికట్టు, రక్షణ, జోస్యం, జంతుభాష, అగ్ని, ఇలా ఉంటాయి. ఎంచుకున్నాక ఇక అదే బతుకు. ఇరవయ్యేళ్ళు పళ్ళు పీకిన డాక్టరు ఒకరోజు పొద్దున్నే "నేను ఇవాళ్టినుంచి పైలట్‌ని" అంటే ఎలా ఉంటుందో, సగంలో శాఖ మార్చడం అలా ఉంటుంది. మా బాబాయి నాలుగేళ్ళలో నాలుగుసార్లు అలా అన్నాడు.

ఆయనది కళ్ళద్దాల దుకాణం. వచ్చినవాళ్ళ ముక్కు మీద ఇనప చట్రం తగిలించి, గాజుబిళ్ళలు మారుస్తూ "ఇదా, అదా? ఇదా, అదా?" అని రోజంతా అడగడమే పని. ఆ చేతి దురద ఆటలోకి కూడా పాకిందని మేమంతా సరిపెట్టుకున్నాం.

మొదటిసారి అడిగినప్పుడు నేను మురిపెంగా ఒప్పుకున్నాను. రెండోసారికి రూలు పెట్టాను. శాఖ మార్చాలంటే రాతపూర్వకంగా దరఖాస్తు ఇవ్వాలి, కథకి అతికే కారణం చూపాలి, ఒక మెట్టు దిగాలి. ఇంత కష్టం పెడితే ఆగుతాడనుకున్నాను. మర్నాడే కంటిపరీక్ష చీటీ వెనక రాసిన దరఖాస్తు నా బల్ల మీదుంది. "గౌరవనీయులైన కథకులవారి సముఖమునకు, తమ విధేయుడైన మాంత్రికుడు వ్రాసుకొను విన్నపము. రక్షణ వలయము వేసుకొని కూర్చుండగా లోపల ఒక దోమ ఉండిపోయినది. దానితో ఒక రాత్రి గడిపితిని. రక్షణపై నమ్మకము పోయినది. జోస్య శాఖ ఇప్పించగలరు."

"ఖచ్చితంగా ఇదేనా బాబాయ్? మళ్ళీ మార్చవు కదా?"

"మార్చడమేంట్రా! జోస్యమంటే చిన్నప్పటినుంచీ నా కల!"

చిన్నప్పటినుంచీ ఆయనకి ఎన్ని కలలో! అంతకుముందు రక్షణ శాఖ అడిగినప్పుడూ ఇదే మాట. అప్పటి కారణం, కనికట్టుతో గోడ మీద తలుపు గీసి, మర్చిపోయి తనే అందులోంచి వెళ్ళబోయి ముక్కు పగలగొట్టుకోవడం. జోస్యం వదిలి జంతుభాషలోకి దూకినప్పుడు, కథకుడి మొహం చూస్తేనే రేపేమవుతుందో తెలిసిపోతోందని నన్నే తప్పుపట్టాడు. జంతుభాష వదలడానికి కారణం ఒక గాడిద. "అది నన్ను నోటికొచ్చినట్టు తిట్టిందిరా. ఆ భాషే రాకపోతే హాయిగా ఉండేవాణ్ణి." ఇలా దిగుతూ దిగుతూ, అందరికన్నా ముందు ఆట మొదలుపెట్టినాయన అందరికన్నా మూడు మెట్లు కింద ఉన్నాడు.

అగ్ని శాఖలోకి వచ్చాక మాత్రం వింత జరిగింది. బాబాయి రెండేళ్ళు కదల్లేదు. చేతులు బారచాపి, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, ఆయన మంట రప్పిస్తుంటే మాకు నిజంగానే సెగ తగిలినట్టుండేది. తొమ్మిదో మెట్టు దాకా వచ్చాడు. పదో మెట్టు ఎక్కితే అగ్గివాన మంత్రం వస్తుంది. ఇంకొక్క ఆదివారం ఆడితే చాలు.

సరిగ్గా అప్పుడు ఆటలోకి కొత్తావిడ వచ్చింది. మా వీధి చివర బేకరీ ఆవిడది. తెల్లవారుజామున పొయ్యి ముందు నిలబడితే మధ్యాహ్నం దాకా కూర్చోడానికుండదు. మాట కూడా రొట్టె మీద పిండి చల్లినంత మెల్లగా ఉంటుంది. కుర్చీ అంచున కూర్చుని, "తప్పుగా ఆడితే చెప్పండి" అంది. ఏ శాఖ కావాలంటే అగ్ని అంది.

"రోజంతా నిప్పు దగ్గరే ఉంటారు కదండీ, మళ్ళీ అదేనా?" అన్నాను.

"పదిహేనేళ్ళుగా అది చెప్పినట్టల్లా నేను విన్నానండీ. వారానికి ఒక్కపూటైనా నేను చెప్పినట్టు అది వింటే చూడాలనుంది."

ఆ రోజు కథలో దొంగల ముఠా అడ్డొచ్చింది. బేకరీ ఆవిడ పాచిక వేసి, గుండె చిక్కబట్టుకుని తన మంత్రం వేసింది. కొత్తవాళ్ళ మంత్రం కదా, ఒక దొంగ మీసం కాలింది. అందరం నవ్వాం, ఆవిడా నవ్వింది. తర్వాత బాబాయి వంతు. ఆయన తలుచుకుంటే ముఠా మొత్తం బూడిదే. చేతులు చాపాడు, ఆవిడ వైపు ఒకసారి చూశాడు, చేతులు దించేసి దగ్గాడు. "గొంతు పట్టేసిందిరా. మంత్రం రావట్లేదు" అన్నాడు.

మర్నాడు కంటిపరీక్ష చీటీ వచ్చింది. "మంటలనిన భయము పట్టుకొన్నది. మరమ్మతు శాఖ ఇప్పించగలరు."

మరమ్మతు శాఖ అంటే పగిలిన కుండలు అతికించడం, చిరిగిన గోనెలు కుట్టడం. రూల్సు పుస్తకంలో అందరికన్నా వెనక, ఎవరూ తిప్పని పేజీలో ఉంటుంది. నాకు ఒళ్ళు మండింది. ఎర్ర సిరాతో "తిరస్కరించడమైనది" అని రాసి, చీటీ పట్టుకుని నేరుగా దుకాణానికే వెళ్ళాను.

బాబాయి ఏమీ జరగనట్టు నన్ను కుర్చీలో కూలేసి, ముక్కుకి ఇనప చట్రం తగిలించాడు.

"ఇదా, అదా?"

"ముందు మంటంటే భయమేంటో చెప్పు."

"భయానికి కారణముంటుందిరా? పట్టుకుంది, అంతే. ఇదా, అదా?"

"వచ్చే వారం అగ్గివాన వస్తుంది నీకు!"

"మరమ్మతంటే చిన్నప్పటినుంచీ నా కలరా. ఇదా, అదా?"

"ఒప్పుకోను. ఒప్పుకోనంటే ఒప్పుకోను. అదే."

లోపలినుంచి చట్రాలు తుడుచుకుంటూ పిన్ని వచ్చింది. "ఎవరికిరా మంటంటే భయం, మీ బాబాయికా? పాలు పొంగుతుంటే స్టవ్ కట్టేయకుండా రెండు చేతులూ చాపి 'శాంతించు!' అంటాడు. రెండేళ్ళుగా స్టవ్ తుడవలేక చస్తున్నా. అదేదో వాన వస్తుందని క్యాలెండర్లో ఆదివారాలు కొట్టేసుకుంటున్నాడు కూడాను."

బాబాయి నా చెవి మీద చట్రం సర్దడంలో మునిగిపోయాడు.

అక్కడినుంచి నన్ను ఒకటే ప్రశ్న తొలిచేసింది. ఇంత ఇష్టమైనదాన్ని ఎందుకు వదులుతున్నట్టు? శనివారం లైబ్రరీలో రద్దీ లేదు. పాత దరఖాస్తులూ, నా ఆట నోట్సూ అన్నీ ముందేసుకుని కూర్చున్నాను. నిజం చెప్పాలంటే ఆయన నేరాలన్నీ ఒకచోట రాసి మొహాన కొడదామనే కూర్చున్నాను. తేదీలు చూస్తుంటే ఎక్కడో చూసినట్టనిపించింది. గది వాడుకునేవాళ్ళు సంతకం పెట్టే పుస్తకం తీశాను.

బాబాయి కనికట్టు వదిలింది లిఫ్ట్ మెకానిక్ మొదటి సంతకం పెట్టిన వారంలో. అతనిది మారువేషాల దొంగ పాత్ర. పక్కన కనికట్టు మాంత్రికుడు ఉంటే ఆ వేషాలు ఎవడిక్కావాలి? రక్షణ వదిలింది నర్సమ్మ వైద్యురాలి పాత్రలో చేరిన వారంలో. ఎవరికీ గాయమే తగలనివ్వని మాంత్రికుడుంటే వైద్యురాలు గోళ్ళు గిల్లుకోవాలి. జోస్యం వదిలింది లెక్కల మాస్టారు జ్యోతిష్కుడిగా వచ్చినప్పుడు; పాపం తనకి బదిలీ వచ్చి ఊరొదిలి వెళ్ళాల్సొస్తుందని ఆయనకే తెలియలేదు, అది వేరే సంగతి. జంతుభాష వదిలింది, పగలంతా కుక్కలు తరిమే మా పోస్ట్‌మ్యాన్ జంతువులతో మాట్లాడే వేటగాడిగా చేరినప్పుడు.

గాడిదా లేదు, దోమా లేదు. ప్రతిసారీ ఒక కొత్త మనిషి వచ్చాడు, ప్రతిసారీ ఈయన లేచి కుర్చీ ఇచ్చాడు. అందుకు రెండోసారినుంచీ ప్రతిసారీ నేను ఒక మెట్టు కోశాను. ఎంత సిగ్గేసిందంటే, ఖాళీ లైబ్రరీలో కూడా ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసుకున్నాను.

ఆదివారం బాబాయి, బేకరీ ఆవిడ రాకముందే ఈ విషయం మిగతా ముగ్గురికీ చెప్పాను. ఆశ్చర్యపోతారనుకున్నాను.

"నాకు తెలుసు తమ్ముడూ" అంది నర్సమ్మ. "నాకోసమే వదిలేశాడని చేరిన నెలకే అర్థమైంది. ఎవరితోనూ అనలేదు."

"మీకోసమా? నాకోసం కదా!" అన్నాడు లిఫ్ట్ మెకానిక్.

పోస్ట్‌మ్యాన్ మొహం చిన్నబోయింది. "నా ఒక్కడికే చేశాడనుకున్నాను గురూ ఇన్నాళ్ళూ."

అంటే తెలియనిది నాకొక్కడికే. రూల్సు పుస్తకం నా చేతిలోనే ఉందాయె.

ఇంతలో బేకరీ ఆవిడ వచ్చింది. కూర్చోలేదు. "వచ్చే వారం నుంచి నాకు వీలు పడదేమోనండీ. మీ బాబాయిగారు నిప్పుతో అంత బాగా ఆడతారటగా, పక్కన నేను మీసాలు కాల్చడం ఎందుకు?" అంది. వెనకే వచ్చిన బాబాయి ఆ మాట విన్నాడు. నా వైపు ఎలా చూశాడంటే, అరవయ్యేళ్ళ మనిషి అలా బతిమాలడం నేను చూడలేదు.

"ఇవాళ్టికి ఆడి వెళ్ళండి" అని ఆవిడని కూర్చోబెట్టి, బల్ల మీద తట్టాను. "బాబాయ్ దరఖాస్తు మంజూరైంది. మెట్టు తగ్గించే రూలు రద్దయింది. మరమ్మతు శాఖ."

"చూశావా! చిన్నప్పటినుంచీ…"

"ఆగు. ఇంకో రూలుంది." పుస్తకం తెరిచాను. గుర్రాల మేత పేజీ వచ్చింది. దాన్ని చూస్తూ గొంతు సవరించుకుని చదివాను. "శాఖ వదులుకునే మాంత్రికుడు, పోతూ పోతూ ఆ శాఖలోని పైమెట్టు మంత్రాన్ని ఒకే ఒక్కసారి వేయవచ్చును." నాలుగేళ్ళలో నేను లేని రూలు చదవడం అదే మొదలు. చెవులు కాలిపోయాయి.

"ఇన్నాళ్ళూ చెప్పలేదేంరా?"

"నువ్వు అడగలేదు."

పక్కనున్న నర్సమ్మ తొంగి చూసింది. గడ్డి, ఉలవలు, దాణా అని ఉంది. "అవును, స్పష్టంగా రాసుంది" అంది.

కథలో దొంగల కోట ముందు నిలబడ్డాం. బాబాయి పాచిక అరచేతిలోకి తీసుకున్నాడు. ఎంత ముద్దుగా తీసుకున్నాడో! కళ్ళద్దాలు నుదుటి మీదికి తోశాడు. చేయి ఎత్తాడు. ఆగాడు.

"ఈ ఒక్కసారి నేనే వేయాలా, ఇంకెవరికైనా ఇవ్వచ్చా?"

కుదరదని అరవబోయాను. ఆయనకోసం కాదూ ఆ రూలు పుట్టించింది! కానీ నర్సమ్మ పుస్తకం తన వైపు తిప్పుకుని, ఉలవల మీద వేలు పెట్టింది. "ఇవ్వచ్చని కింది వరసలో ఉంది తమ్ముడూ."

బాబాయి పాచికని బేకరీ ఆవిడ ముందు పెట్టాడు.

"నేనా?"

"మీరేనమ్మా. గట్టిగా చెప్పాలి సుమా. పదిహేనేళ్ళు అది మీకు చెప్పింది చూడండి, ఆ గొంతుతో."

ఆవిడ లేచి నిలబడింది. చేతులు చాపింది. "కురవవే నిప్పూ!" అని అరిచిన అరుపుకి బీరువా మీది పత్రికలు జారాయి, ముందు హాల్లోంచి ప్యూను పరిగెత్తుకొచ్చి నోటి మీద వేలేసుకున్నాడు. పాచిక మీద పంతొమ్మిది. కోట కాలింది. కోట గుమ్మం కాలింది. కాలవ మీద వంతెన కాలింది. నేను లెక్క చెబుతూ పోయాను. చివరికి మేమొచ్చిన బండి కూడా కాలింది.

లిఫ్ట్ మెకానిక్ బల్లెక్కినంత పని చేశాడు. పోస్ట్‌మ్యాన్ ఈల వేశాడు. బాబాయి మొహం చూస్తే అగ్గివాన కురిపించింది ఆయనే అనుకుంటారెవరైనా. అప్పటిదాకా లోలోపల ఉక్రోషపడుతున్న నేను కూడా, ఆ మొహం చూసి హాయిగా ఊపిరి తీసుకున్నాను.

బేకరీ ఆవిడకి మాత్రం అప్పుడే గొంతు తగ్గిపోయింది. "అయ్యో, మన బండి కూడానా? తప్పుగా ఆడానా?"

"తప్పేంటమ్మా!" అన్నాడు బాబాయి, చొక్కా చేతులు మడుస్తూ. "మీరు కాల్చకపోతే నేను బాగుచేయడానికేముంటుంది?"

పాచిక వేశాడు. పదకొండు పడింది. వంతెనా, బండి మూడు చక్రాలూ బాగయ్యాయి. నాలుగోదాని బదులు అందరం తలో చెయ్యీ వేసి, బండిని ఎత్తి పట్టుకునే కోట దాటాం.