మిగిలిన ఆకు ఎవరిది?

మా ఊళ్లో ఫోన్ సిగ్నల్ అందాలంటే కాఫీ తోట దాటి, పైనున్న బండరాయి ఎక్కాలి. ఆ శనివారం మధ్యాహ్నం మా తమ్ముడు ఆ రాయెక్కి, పాడేరు హాస్టల్లో ఉన్న నాకు ఫోన్ చేశాడు. "అక్కా, వంటమ్మ ఎల్లిపోనాదే" అన్నాడు. మూడు రోజులు జ్వరమట. నాలుగో రోజు పొద్దున కాస్త గంజి తాగి, "అడ్డాకులు తడిపి ఉంచండి, ఆరిపోతే సిరుగుతాయి" అని చెప్పి పడుకుందట. మళ్లీ లేవలేదు.

ఆవిడ నాకు చుట్టం కాదు. మా గూడెం ప్రాథమిక బడిలో మధ్యాహ్నం భోజనం వండేది. ఒకే గది, ఒకే మాస్టారు, వెనక రేకుల వంటపాక. అంతే మా బడి. వంటమ్మకు చదువు రాదు. అయినా నాకు అక్షరాలు మాస్టారు నేర్పితే, మాటలు ఆవిడ నేర్పింది. మా ఇళ్లలో మాట్లాడేది ఆదివాసీ ఒడియా. మైదానం నుంచి వచ్చిన మాస్టారి తెలుగు మొదట్లో మాకు అర్థమయ్యేది కాదు. వంటమ్మకు రెండూ వచ్చు. గరిటె పైకెత్తి పట్టుకుని, "ఇదేటి? తెలుగులో సెప్పు, ఏత్తాను" అనేది. ఆనపకాయ, గుమ్మడికాయ, చిక్కుడు గింజలు... ఒక్కో మాటా ఆకలి మీద నేర్చుకున్నాను. ఇప్పుడు డిగ్రీ తెలుగు క్లాసులో కొత్త మాట వింటే నాకు నిజంగానే నోరూరుతుంది.

ఆవిడకు ఒక పద్ధతి ఉండేది. రోజూ పొద్దున్నే అడవి నుంచి తెచ్చిన అడ్డాకుల్ని వెదురు పుల్లలతో విస్తళ్లుగా కుట్టేది. బడిలో ఎంతమంది పిల్లలుంటే అన్ని, ఒకటి ఎక్కువ కాదు, ఒకటి తక్కువ కాదు. స్టీలు పళ్లేలు వచ్చాక కూడా మానలేదు. ఎందుకమ్మా ఈ శ్రమ అని మాస్టారు ఒకసారి అడిగారు. "పళ్లేనికి ఏటి తెలుసు బాబూ? ఆకు కుట్టీటప్పుడు ఒక్కో గుంట మొకం గుర్తొత్తాది" అంది. మా వైపు పిల్లల్ని గుంటలనే అంటారు.

వడ్డన అయ్యాక ఆకు మిగిలితే ఆ రోజు ఎవరో రాలేదన్నమాట. వంటమ్మ ఆ ఆకు పట్టుకుని ఆ ఇంటికి బయలుదేరేది.

నేను మూడో తరగతిలో ఉండగా ఒకసారి ఆ ఆకు నాదైంది. జొన్న చేలో చిలకలు తోలడానికి అమ్మ నన్ను మంచె మీద కూర్చోబెట్టింది. మధ్యాహ్నం చూస్తే, కొండవాలు ఎక్కుతూ వంటమ్మ, ఆవిడ చేతిలో ఆకు.

"ఈ ఆకు నీదేనేటే గుంటా? దానికి ఆకలేత్తందంట!"

అమ్మకు కోపం వచ్చింది. "దీన్ని తీసుకుపోతే చిలకలెవరు తోలతారు? నీ ఆకు తోలతాదా?" అంది.

"సాయంకాలం నానొచ్చి తోలతాను. అందాకా నువ్వు తోలు. నీకూ నోరుంది కదా, నా మీద అరిసినట్టే చిలకల మీద అరుసుకో!"

అమ్మ నవ్వేసింది. వంటమ్మ అన్నట్టుగానే గిన్నెలు కడిగేసి వచ్చి, పొద్దు వాలేదాకా మంచె మీద కూర్చుంది. అలా పంట కోసేదాకా వచ్చింది. ఆ ఆకు రాకపోతే నేను ఇంకా ఏ మంచె మీదో ఉండేదాన్ని.

ఇంత మంచి మనిషే, ఈ ఏడాది బడి మూతపడేంత తప్పు చేసింది. అలాంటి తప్పు మా గూడెంలోనే జరుగుతుంది. మాకు జీపు అరుదుగా వస్తుంది. వస్తే సూదులేసేవాళ్లే. వచ్చేవారం సూదులని ఆశా కార్యకర్త ముందే చెప్పింది. ఒకరోజు మాస్టారు మండలంలో మీటింగుకు వెళ్లినప్పుడు కొండ కింద జీపు చప్పుడైంది. పిల్లలు ఒక్కసారిగా ఏడుపు లంకించుకున్నారు. వంటమ్మ మనసు కరిగింది. "బేగి ఎల్లి తోటలో దాక్కోండి" అంది. జీపు దిగినాయన చేతిలో సూది లేదు, ట్యాబు ఉంది. ఆయన పిల్లల్ని లెక్కపెట్టడానికి వచ్చాడు. పాక దగ్గర ముగ్గురే ఉన్నారు. ఇద్దరు నిద్రపోతున్నారు, ఒకడికి కాలు బెణికి పరిగెత్తలేకపోయాడు.

"ఇంతేనా పిల్లలు?" అని ఆయన అడిగితే, "ఇంతే బాబూ, మరెవలూ నేరు" అందట వంటమ్మ, తెలివిగా తప్పించానన్న ధీమాతో.

కొన్నాళ్లకు కాగితం వచ్చింది. ముగ్గురే ఉన్న బడి కాబట్టి గెడ్డ అవతలి బడిలో కలిపేయాలని ప్రతిపాదన. వానలకు ఆ గెడ్డ పొంగితే పెద్దవాళ్లే దాటలేరు. మా పిల్లలు ఏడాదిలో సగం రోజులు చదువు మానుకోవాల్సిందే.

నేను సెలవులకు వచ్చేసరికి వంటమ్మ నా కోసం ఎదురుచూస్తోంది. "నా నోటితో నానే బడి మూసీసినాను. అర్జీ రాయే గుంటా" అంది. నేను గర్వంగా కలం తీశాను. నేర్చుకున్న పెద్ద మాటలన్నీ పోగేసి రెండు పేజీలు రాసి చదివి వినిపించాను. జ్ఞానజ్యోతి, విద్యాకుసుమాలు, అన్నీ పెట్టాను. ఆవిడ ఓపిగ్గా విని అడిగింది.

"బాగుంది. ఇందల నాను సేసిన తప్పేదే?"

"అది రాయలేదు, వంటమ్మా. నీకు చెడ్డపేరు వస్తుందని..."

"తప్పు ముందు రాయి. అందమైన మాటలు తరవాత రాద్దువు."

తప్పు రాశాక అర్జీ ఆరు వాక్యాల్లో అయిపోయింది. అందమైన మాటలకు చోటు అవసరం పడలేదు. రాయడం గురించి నాకు తెలిసిందంతా ఆ పూట నేర్చుకున్నదే.

సోమవారం పొద్దున్నే ఆ అర్జీ పట్టుకుని, పిల్లల్నందరినీ రెండు జీపుల్లో పాడేరు తీసుకెళ్లాం. విద్యాశాఖ ఆఫీసు వరండాలో వంటమ్మ ఇరవై ఒక్క ఆకులు పరిచి, ఒక్కో ఆకు ముందు ఒక్కొక్కరిని కూర్చోబెట్టింది. అధికారి బయటికి వచ్చారు.

"ఆ రోజు నాను అబద్ధమాడినాను సారూ. సూదులోళ్లనుకున్నాను. నన్ను ఏటన్నా అనండి. ఆకులు మాత్రం లెక్కెట్టుకోండి."

ఆయన నవ్వు ఆపుకుని, "వీళ్లకు చదవడం వచ్చా?" అన్నారు. రెండో తరగతి గుంటడొకడు లేచి, ఎదురుగా గోడ మీదున్నది గొంతెత్తి చదివాడు: "ఇక్కడ ఉమ్మి వేయరాదు!" వరండా అంతా నవ్వింది. పైవారం సోమవారం మళ్లీ లెక్కకు మనిషిని పంపుతానని ఆయన మాటిచ్చారు. సెలవులైపోవడంతో నేను పాడేరు హాస్టల్లోనే ఆగిపోయాను.

ఆ సోమవారానికి రెండు రోజుల ముందు, శనివారం, వంటమ్మ పోయింది. తమ్ముడి ఫోన్ రాగానే నేను ఊరికి వచ్చేశాను.

మా గూడెంలో ఒకరు పోతే మూడో రోజు దాటేదాకా ఎవరూ పనిలోకి వెళ్లరు. చేను, సంత, బడి, అన్నీ ఆగుతాయి. ఆ మూడో రోజే సోమవారం. ఏం చేయాలో తెలియక అందరూ గూడెం పెద్ద ముఖం చూశారు. "ఇది మన పని కాదు, ఆమె పని. సగంలో వదిలెల్లినాది. దాన్ని ఆపితేనే మైల" అన్నాడాయన.

బడిని కలపడం లేదని కాగితం వచ్చిందట. నిన్న మాస్టారు నా హాస్టల్‌కు ఫోన్ చేసి చెప్పారు. ఆ మాట వింటున్నంతసేపూ నా కళ్ల ముందు ఆ సోమవారమే ఉంది.

తడిపి ఉంచిన ఆకుల్ని పిల్లలే కుట్టారు. వంకర విస్తళ్లు, బయటికి పొడుచుకొచ్చిన పుల్లలు. ఆడవాళ్లు వండారు. ట్యాబు పట్టుకున్నాయన వరస వెంట నడిచి, "ఇరవై" అన్నాడు. చివర ఒక ఆకు ఖాళీగా ఉంది. అది ఎవరిదో మా అందరికీ తెలుసు. వంటమ్మ మనవరాలు ఒకటో తరగతి. చావింట్లో మూల కూర్చున్న పిల్లని పిలవడానికి ఎవరికీ నోరు రాలేదు.

అప్పుడు ఒకటో తరగతిలోనే ఉన్న ఇంకో గుంట లేచింది. ఎవరినీ అడగలేదు. ఆ ఆకు తీసుకుని బయటికి నడిచి, వంటమ్మ ఇల్లున్న కొండవాలు ఎక్కడం మొదలుపెట్టింది.

"కాస్త ఆగండి సార్" అన్నారు మాస్టారు.

ఆయన ఆగాడు. మేమంతా వాకిట్లోకి వచ్చి పైకి చూస్తూ నిలబడ్డాం. అన్నం మీద ఆవిరి లేస్తోంది. ఎవరూ ముద్ద ఎత్తలేదు. చాలాసేపటికి కాఫీ మొక్కల మధ్య ముందు ఆకు కనిపించింది. దాని వెనక, చేయీ చేయీ పట్టుకుని దిగుతున్న రెండు చిన్న తలలు.