వేడెక్కిన గుర్రం తలలు

విశాఖపట్నం మొత్తమ్మీద నా అంత చవగ్గా గుర్రాన్ని నింపిన మొనగాడు ఇంకొకడు లేడు. దూది కొనేవాళ్లు కొనుక్కోండి. నేను బస్తాడు గుడ్డపీలికలు అందులో పదోవంతు ధరకి తెచ్చాను.

పూర్ణామార్కెట్ దగ్గర మాది తాతల నాటి ఫ్యాన్సీ కొట్టు. మాకు ఉగ్గుపాలతోనే బేరం పట్టిస్తారు. కొట్టు వెనక గదిలో మా ఆవిడ కుట్టుమిషను. భీమిలి బీచ్‌లో బొమ్మలమ్మే ఒకాయన ఆవిణ్ణి కర్రగుర్రాలు కుట్టిమ్మన్నాడు. పాత జీన్సు గుడ్డతో తల, ఊలు జూలు, బొత్తాల కళ్లు, చివర్న గుచ్చడానికి చీపురుకర్ర. ఆదివారానికి అందిస్తే ఇక నెలనెలా ఆర్డరిస్తానన్నాడు. కొట్టు మీద వచ్చేది నాది, గుర్రాల మీద వచ్చేది తనది. పెళ్లయ్యాక తనదని చెప్పుకోడానికి దొరికిన మొదటి రాబడి అది. లోపల కూరడానికి సరుకు తెచ్చే పని మాత్రం నన్ను నమ్మి నాకిచ్చింది.

ఫిషింగ్ హార్బరు వైపు ఒక పాతసామాన్ల షెడ్డుకి పొద్దున్నే వెళ్లాను. చెక్కబోట్లకి అవిసె నూనె పట్టించి తుడిచిన పీలికలు అక్కడ బస్తాల్లో ఉన్నాయి. చెప్పిన ధరకి సగం అడిగాను.

"తీస్కెళ్లిపో బావా, బోణీ నీదే!" అన్నాడు షెడ్డువాడు.

అడగ్గానే ఇచ్చాడంటే మా నాన్నయితే జేబు తడుముకుని వెనక్కొచ్చేసేవాడు. నేను గెలిచాననుకున్నాను.

సబ్బుపొడిలో ఒక జాడింపు జాడించి ఎండేశాను. నూనె వాసన పోలేదు. మొదటి తల నింపి ఇంకోటి మొదలెట్టబోతూ ఆవిడ ఆగింది. నింపినదాని మెడలో చెయ్యి పెట్టి చూసింది.

"ఏటండీ, లోపల ఎచ్చగా ఉన్నాది."

"ఎండలో ఏసినాం కదే."

"ఎండెప్పుడో పోయింది. మా ఊరు పద్మనాభంలో గడ్డి పచ్చిగా వామేత్తే ఇలాగే కడుపులో కాగి, ఒకనాడు అంటుకుంటాది. నూనె గుడ్డా అంతే. ఎనక్కి ఇచ్చీండి."

"బోణీ బేరం ఎవులైనా తిరగ్గొడతారేటే? ఆడి యాపారం ఏటవ్వాలి?"

"ఆడి యాపారం సరే. మరి నాదో?"

కొట్టువాడి కొడుకుని. ఎదుటివాడి బోణీ చెడగొడితే నా గల్లాపెట్టెకి తగులుతుందని భయం. మాట మార్చేశాను. ఆవిడ కుట్టింది, నేను కూరాను. దుమ్ము పడకుండా తలలన్నీ గోడవార ఒకదాని మీదొకటి పేర్చి, ప్లాస్టిక్ పట్టా కప్పిందీ నేనే.

శనివారం గాలి ఆడలేదు. పట్టాకి లోపలివైపు చెమట పట్టింది. మధ్యాహ్నానికి నూనె వాసన కాస్తా మాడువాసన అయింది. వంటింట్లోకెళ్లి స్టవ్ చూశాను. ఆపేసే ఉంది. వచ్చి మళ్లీ గల్లా దగ్గర కూర్చున్నాను. ఎవరో రిబ్బను ధర అడిగితే చెబుతున్నాను, వాసన మాత్రం ముక్కు వదలట్లేదు.

వెనకనుంచి ఆవిడ కేక వినబడింది. వెళ్లేసరికి పట్టా లాగేసి ఉంది. అడుగునున్న గుర్రానికి ఒక కన్ను ఊడి, ఆ చిల్లులోంచి సన్నగా పొగ వస్తోంది. ఆవిడ దాన్ని రెండు చేతులా పట్టుకుని పెరట్లోకి పరిగెత్తింది. గాలి తగలగానే భగ్గుమంది. నేను బకెట్టుతో నీళ్లు పోశాను. మిగతావన్నీ బయటికి విసిరి తడిపేశాం. గది దక్కింది.

ఆవిడ కాలిన కుడి అరచేతికి డాక్టరు మందు రాసి, నెల దాటేదాకా సూది పట్టొద్దన్నాడు. భీమిలి ఆయన ఆదివారమే ఇంకొకరిని చూసుకున్నాడు.

లెక్క ఇది. దూది కొనకుండా మిగిల్చింది పన్నెండొందలు. గుడ్డ, ఊలు, డాక్టరు, మందులు కలిపి పోయింది తొమ్మిది వేల చిల్లర. అది కొట్టు డబ్బుతో తీర్చాను. నెలనెలా వచ్చే ఆర్డరూ, ఆ అరచెయ్యీ ఈ లెక్కలోకి రావు. వాటిని చెల్లించింది ఆవిడ.