మిక్సర్‌లో లేని గిటార్

బేస్ గిటార్ వాయించేవాడు ఎంత బాగా వాయించినా పెళ్ళికొచ్చినవాళ్ళలో ఒక్కరూ గుర్తుపట్టరు. ఇరవై రెండేళ్ళుగా వాయిస్తున్నాను కాబట్టి ఈ మాట అనే హక్కు నాకుంది. భోజనాల దగ్గర ఎవరో ఒక పెద్దాయన ఆగి, "ఏమబ్బా, నీ గిటారుకి రెండు తీగలు తెగిపోయినట్టుండాయే?" అంటాడు. ఆరు ఉండాల్సిన చోట నాలుగే కనిపిస్తే పాపం ఆయన మాత్రం ఏం చేస్తాడు. మొదట్లో ఓపిగ్గా వివరించేవాణ్ణి. తర్వాత్తర్వాత "అవునండీ, తెగిపోయినాయి" అని చెప్పి విస్తరి ముందు కూర్చునేవాణ్ణి.

నా ఉద్యోగం కృష్ణపట్నం పోర్టు దగ్గర ఒక లారీ ఆఫీసులో. లోడు కాగితాలు రాసి పంపడమే పని. సంగీతం ఆదివారాలకీ ముహూర్తాలకీ మాత్రమే. మా ఆర్కెస్ట్రాలో అందరమూ అంతే, పగలంతా ఏదో ఒక పని చేసుకునేవాళ్ళమే. కీబోర్డు, డ్రమ్ము ప్యాడ్లు, ఇద్దరు గాయకులు, ఒక లీడ్ గిటారు, చివర్న నేను.

సముద్రం పక్కన గిటార్ పెట్టుకోవడం అంటే తుప్పుతో కాపురం చెయ్యడమే. సముద్రానికి దూరంగా ఉండేవాళ్ళకి ఏడాది వచ్చే తీగలు మాకు రెండు నెలలకే గరగరలాడతాయి. చెప్పుల డబ్బాల్లో వచ్చే తేమ పీల్చే పొట్లాలు గిటార్ సంచీ నిండా వేసుకుంటాను. బేస్ తీగలు లావుగా ఉంటాయి కదా, మోగడం మానేస్తే వాటిని విప్పి నీళ్ళలో ఉడకబెడితే చెమటా జిడ్డూ పోయి కొన్నాళ్ళు మళ్ళీ పలుకుతాయి. దానికోసం మా ఇంట్లో ఒక సత్తు గిన్నె వేరుగా ఉంది. మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి, "చారులో పోపు వేసేదా, వద్దా?" అని అడుగుతుంది. కాళ్ళ దగ్గర శబ్దం మార్చే పెడళ్ళు పది పరుచుకుని కూర్చునే కుర్రాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. వాళ్ళు పాట మధ్యలో వంగి మీటలు తిప్పుకుంటూ ఉంటే పెళ్ళికొడుకు ఎవరి వంక చూడాలో తెలియక దిక్కులు చూస్తుంటాడు.

మా లీడ్ గిటారు అతనికి ఒక్క పెడల్ కూడా లేదు. వాకాడు వైపు చేపల ఊరు వాళ్ళది. పడవ ఇంజన్లు బాగుచేసేవాడు. గ్రీజు పట్టిన గోళ్ళు కిరసనాయిలుతో తుడుచుకుని స్టేజీ ఎక్కేవాడు. ఎవరో పారేసిన గిటారుకి మెడ సరిచేసుకున్నాడు, పాడైన ఆంప్‌కి కొత్త స్పీకరు బిగించుకున్నాడు. ఆంప్ అంటే గిటార్ వెనక ఉండే పెట్టె, శబ్దం అందులోంచే రావాలి. అతని పెట్టెలోంచి వచ్చే శబ్దం మటుకు పెద్దది. చెవులు చిల్లులు పడేంత పెద్దది. నాకంటే ఎనిమిదేళ్ళు చిన్నవాడు, నన్ను "అన్నా" అనేవాడు.

"ఒరే, కాస్త తగ్గించుకోరా, పురోహితుడు చెవుల్లో వేళ్ళు పెట్టుకున్నాడు" అంటే నవ్వేవాడు.

"సముద్రం పక్కన పుట్టినోడికి చిన్న సౌండు ఆనదన్నా."

అతను మంచి వాద్యగాడు. ఈ మాట అతని ముందు నేనెప్పుడూ అనలేదు. పాట మధ్యలో గాయని ఊపిరి తీసుకునే చోట అతనొక చిన్న బిట్ వేసేవాడు. అదెక్కడా నేర్చుకున్నది కాదు. ఆ పాట అక్కడ దానికోసమే ఆగినట్టుండేది. వింటూ నేను వాయించడం తప్పిన రోజులున్నాయి. తప్పినా ఎవరికీ తెలియదనుకోండి, బేస్ కదా.

ఇక నేను చేసిన పని చెప్పాలి.

హాల్లో జనం వినే పెద్ద స్పీకర్లలోకి ఏ శబ్దం వెళ్ళాలన్నా మిక్సర్ అనే బల్లలోంచే వెళ్తుంది. గాయకుల మైకులు, కీబోర్డు, ప్యాడ్లు, నా బేసు అన్నిటికీ వైర్లు అందులోకే. దాని ముందు కూర్చునేవాడు సౌండ్ ఆపరేటరు. ఒక మండపంలో అతని సౌండు మీద గొడవైన తర్వాత నేను ఆపరేటర్ని పక్కకి పిలిచి, "లీడ్ గిటారుకి లైన్ ఇవ్వొద్దబ్బా. వాడి పెట్టె ఒక్కటే హాలంతా మోగతా ఉంది, మళ్ళీ స్పీకర్లలో కూడానా?" అన్నాను. అతను సరేనన్నాడు. అప్పట్నుంచి నాలుగేళ్ళు అదే పద్ధతి. హాల్లో అందరికీ గిటార్ బాగానే వినబడేది, నేనేమీ అతన్ని మూగవాణ్ణి చెయ్యలేదు. ఆ రోజుల్లో నాకు నేను ఇలాగే చెప్పుకునేవాణ్ణి.

కానీ రికార్డింగు కూడా ఆ మిక్సర్‌లోంచే, అదీ ఆ నాలుగేళ్ళనుంచే. ఆపరేటరు దానికో పెన్‌డ్రైవ్ గుచ్చేవాడు. మిక్సర్‌లోకి వచ్చిందే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కుతుంది, రానిది ఎక్కదు. అలా మా ప్రోగ్రాములన్నిటిలోనూ లీడ్ గిటార్ లేదు. గాయని మైకులోకి వెనకనుంచి కాస్త కారితే, పక్క వీధిలో రేడియో మోగుతున్నట్టు ఉండీ లేనట్టు ఉంటుంది. నా బేసు మాత్రం నిండుగా, ఒక్కో స్వరం ఒలిచినట్టు ఉంటుంది. లారీ ఆఫీసులో మధ్యాహ్నం టిఫిన్ క్యారియరు ముందు పెట్టుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని అవే వినేవాణ్ణి. జీవితంలో మొదటిసారి నేను నాకు వినబడుతున్నాను. ఎంత సంతోషంగా ఉండేదో చెప్పడానికి ఇవాళ సిగ్గుగా ఉంది.

అతను ఒకే ఒక్కసారి అడిగాడు. వ్యానులో వస్తూ నా ఫోన్ తీసుకుని రెండు పాటలు విని, "అన్నా, దీంట్లో నేను లేనే?" అన్నాడు.

"నువ్వు ఊళ్ళోవాళ్ళ చెవుల్లో ఉండావు, చాల్లే" అన్నాను. వ్యానంతా నవ్వింది. అతనూ నవ్వాడు. ఫోన్ నా చేతికిచ్చి కిటికీ వైపు తిరిగాడు. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. లైన్ ఇమ్మని ఆపరేటరుతో ఒక్క మాట చెప్తే పోయేది. నేను చెప్పలేదు. నాకది గుర్తు రాలేదంటే అబద్ధం అవుతుంది. గుర్తొచ్చింది, చెప్పబుద్ధి కాలేదు.

మేము కలిసి వాయించిన చివరి పెళ్ళి పెన్న ఒడ్డున సంగంలో. మధ్యాహ్నం రిసెప్షను. బ్యారేజీ మీదనుంచి వచ్చే గాలికి పందిరి గుడ్డలు టపటపలాడుతున్నాయి. వరికోతల రోజులు, చుట్టాలు సగం మంది చేలనుంచే నేరుగా వచ్చినట్టున్నారు. ఆ రోజు శబ్దం చాలా బాగా కుదిరిందని, ఏ వాద్యానికి ఆ వాద్యం విడివిడిగా వినబడిందని నేను ఆపరేటర్ని మెచ్చుకున్నాను. లీడ్ గిటారు అతను పక్కనే నిలబడి జాక్ వైరు చుట్టుకుంటున్నాడు.

అది జరిగిన మూడో వారం అతను పడవలో ఇంజను విప్పుతూ గుండె పట్టుకుని కూలబడ్డాడు. పట్టపగలు, పదకొండు గంటలకి. ఆటోలో పడుకోబెట్టి తీసుకెళ్తుంటే దారిలోనే పోయాడు. నలభై ఆరేళ్ళు. ఆఫీసులో ఫోనొచ్చినప్పుడు నేను కాగితం మీద లారీ నంబరు రాస్తున్నాను. సగం రాసిన నంబరు అలాగే వదిలేసి బస్సెక్కాను.

కర్మంతరం నాడు అతని భార్య నన్ను పక్కకి పిలిచింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది ఆ అమ్మాయికి.

"అన్నా, ఆయన వాయించింది ఏమైనా ఉంటే ఇస్తారా? పెళ్ళయి ఇరవై ఏళ్ళాయ, నేను ఒక్కసారి కూడా వినలా."

నాకు ఒక క్షణం అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. పెళ్ళిళ్ళకి మమ్మల్ని పిలుస్తారు గానీ మా ఇళ్ళవాళ్ళని ఎవరు పిలుస్తారు? ఇంట్లో సాధన చేసేటప్పుడు పక్కవాళ్ళు తిడతారని అతను గిటార్‌ని పెట్టెకి తగిలించేవాడు కాదట. తగిలించని కరెంటు గిటారుకి శబ్దమేముంటుంది, తీగలు కిచకిచమంటాయి అంతే. ఇరవై ఏళ్ళు ఆమె విన్నది ఆ కిచకిచే.

"ఉంటాయమ్మా, తీసుకొస్తా" అన్నాను. ఎక్కడున్నాయనుకుని చెప్పానో నాకే తెలియదు.

నెల్నాళ్ళు వెతికాను. మేము వాయించిన పెళ్ళిళ్ళవాళ్ళకి ఫోన్లు చేసి వీడియోలు అడిగాను. ఇచ్చారు, పాపం, అందరూ మంచివాళ్ళే. కానీ పెళ్ళి వీడియోలు చేసేవాళ్ళు అసలు శబ్దం మొత్తం తీసేసి దానిమీద సినిమా పాటలు అతికిస్తారు. సంగం పెళ్ళి వీడియోలో అతను కనిపించాడు. కళ్ళు మూసుకుని, తల ఒక పక్కకి వాల్చి, వేళ్ళు గిటార్ మెడ మీద పరుగులు పెడుతున్నాయి. పైన ఇంకెవరిదో పాట మోగుతోంది. ఆ వేళ్ళు చూసి అది ఏ బిట్టో నేను చెప్పగలను. నాకు వినబడుతోంది కూడా. కానీ నాకు వినబడితే ఏం లాభం? జనం ఫోన్లలో తీసినవి చూస్తే అందరూ పెళ్ళికూతుర్నే తీశారు. వెనక గిటార్ శబ్దం పగిలిపోయి వచ్చే గరగర తప్ప ఇంకేమీ లేదు.

చివరికి నా పెన్‌డ్రైవ్‌లే మిగిలాయి. నన్ను నేను వినడానికి దాచుకున్నవి. వాటిలో అతనికోసం వెతుక్కుంటూ ఒక్కో పాటా వింటూ వచ్చాను. నా బేసు ఎంత నిండుగా ఉంటే అంత చిరాకు పుట్టించింది. ఎక్కడ చెవి పెట్టినా నేనే అడ్డం.

సంగం రికార్డింగులో రెండో పాటకీ మూడో పాటకీ మధ్య గాయని మంచినీళ్ళకోసం పక్కకి వెళ్ళింది. ఆమె మైకు ఆపలేదు. అందులో అతని గొంతు ఉంది.

"ఇప్పుడు సరిపోయిందా అన్నా?"

దూరంనుంచి, విసుగ్గా, నా గొంతు. "ఇంకా తగ్గించు."

ఆ తర్వాత మీట తిప్పిన చిన్న చప్పుడు. ఆ తర్వాత పాట. ఆ రోజు శబ్దం బాగా కుదరడానికి కారణం ఆపరేటరు కాదు. సముద్రం పక్కన పుట్టినవాడు నా మాట విని చేతులారా తన శబ్దం తగ్గించుకున్నాడు, నేను ఇంకొకణ్ణి మెచ్చుకున్నాను. అది విన్న రోజు అన్నం సహించలేదు నాకు. మా ఆవిడ ఏమైందని అడిగితే, పోయినవాడి గొంతు విన్నానని మాత్రం చెప్పాను. రెండో గొంతు సంగతి చెప్పలేకపోయాను.

నా మాటని కత్తిరించేద్దామని ఒక రోజంతా అనుకున్నాను. ఫోన్లో అది రెండు నిమిషాల పని. చెయ్యలేదు. అతన్ని తీసేసింది చాలు, నన్ను కూడా తీసేసుకుని మంచివాణ్ణి అనిపించుకోవడం ఎందుకు?

ఒక ఆదివారం పొద్దున్నే చిన్న స్పీకర్ ఒకటి పట్టుకుని వాళ్ళ ఊరు వెళ్ళాను. ఆమె చాప వేసింది. ఎక్కువ లేదమ్మా, మాట ఒకటి, తర్వాత పాట ఒకటి, అంతే దొరికిందని చెప్పి పెట్టాను. పాటలో గిటార్ వినబడదని, దానికి కారణం నేనేనని, వినిపించాక చెప్పాలని వరస కట్టుకుని వెళ్ళాను.

అతని గొంతు రాగానే ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. నా గొంతు కూడా వచ్చింది. ఆమె నా వంక చూడలేదు. పాట మొదలైంది. గాయని, కీబోర్డు, ప్యాడ్లు, వాటి కింద నా బేసు. ఆమె స్పీకరు మీదకి వంగింది. చాలాసేపు కదలకుండా విన్నది. తర్వాత వేలు ఎత్తి గాల్లో ఆ బేసు నడకతోపాటు మెల్లగా ఆడించింది.

"ఇదే గదన్నా? ఈ గుమ్ముగా నడస్తా ఉండేది, ఇదే గదా ఆయనది?"

నేను నోరు తెరిచాను. కట్టుకున్న వరస మొత్తం అక్కడే ఉంది.

"ఇంట్లో కిచకిచమంటా ఉంటే ఇంతేలే అనుకుండాను. ఎగతాళి చేసేదాన్ని గూడా" అన్నది. కళ్ళనుంచి నీళ్ళు కారుతున్నాయి, మొహం మాత్రం వెలుగుతోంది. "ఇంత బాగుంటాదని నాకు తెలీదన్నా. ఎంత నెమ్మదిగా వాయించినాడు!"

ఇరవై రెండేళ్ళలో నా బేసు బాగుందని చెప్పిన మొదటి మనిషి ఆమె.

"ఆయనదేనమ్మా" అన్నాను.

ఆమె కళ్ళు తుడుచుకుని స్పీకరు నావైపు జరిపింది.

"కొంచెం సౌండు పెంచన్నా."

పెంచాను.