క్వారీ ఓనరు పీకేసిన రీలు, మా కోటేశ్వరరావు బాబాయ్

నిన్న పొద్దున ఫోన్ వచ్చింది.
కోటేశ్వరరావు బాబాయ్ లేడు.

నాకు ముందు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. పోవాల్సిన మనిషి మాచర్లలో మనవళ్ళతో సుఖంగా ఉన్నాడు. ఈయన పోవడమేంటి?

నరసరావుపేటలో ఫోటో స్టూడియో అంటే మా అందరికీ ఆయనే. నాకు రక్తసంబంధం ఏమీ లేదు. కానీ మా నాన్న మొహం నాకు చూపించింది ఆయనే.

ఎనభైల నాటి సంగతి. అప్పుడు కలర్ రీలంటే మాటలు కాదు. పెళ్ళి ఫోటోలు తీశాక రీల్లో కొన్ని ఫ్రేములు మిగిలితే, బాబాయ్ మాచర్ల వైపు క్వారీలకి వెళ్ళి రాళ్ళు కొట్టేవాళ్ళని తీసేవాడు. ఎవరూ అడగలేదు, ఎవరూ కొనలేదు. ఆయన ఆర్ట్ అది.

ఒకరోజు గురజాలలో ఒక పెళ్ళికి ఫోటోలు తీసి, అదే రీలుతో క్వారీకి వెళ్ళాడు.

ఆ రోజే బ్లాస్టింగ్‌లో బండ మీదపడి, అక్కడ రాళ్ళు కొట్టే మా నాన్న పోయాడు.

నాన్న తల ఒళ్ళో పెట్టుకుని అమ్మ కూర్చుంది. బాబాయ్ ఫోటో తీశాడు. ఓనరు జీపు వస్తుంటే చూసి గబగబా రీలు వెనక్కి తిప్పడం మొదలుపెట్టాడు. సగం తిరిగిందో లేదో, ఓనరు కెమెరా లాక్కుని, మూత తెరిచి, కనపడిన ఫిల్మంతా ఎండలోకి పీకేశాడు.

"ఇప్పుడు చూపించరా, ఎవడికి చూపిస్తావో" అన్నాడట.

ఓనరుకి తెలియని సంగతి ఒకటుంది. రీలు వెనక్కి తిప్పితే చివర తీసిన ఫోటోలే ముందు, వెలుగు చొరబడని డబ్బాలోకి వెళ్తాయి.

ఎండకి పాడైంది గురజాల పెళ్ళి!

పెళ్ళివారు స్టూడియోకి వచ్చి నానా తిట్లూ తిట్టారు. అసలు సంగతి చెబితే ఓనరు మిగిలిన ముక్క కోసం కూడా వస్తాడని బాబాయ్ నోరు మెదపలేదు.

నాన్న ఫోటో మిగిలింది. కానీ ఎండ సోకింది. అప్పటి ల్యాబ్ ప్రింట్‌లో అంతా ఎర్రటి మసక. "వాడు మా క్వారీలో పనే చేయలేదు, తాగి ఎక్కడో పడ్డాడు" అని ఓనరు అంటే, బాబాయ్ ఆ ప్రింట్ తీసుకెళ్ళి పెద్దమనుషులకి చూపించాడు.

"ఏంది కోటేశ్వర్రావ్, ఇందులో ఏం కనపడుద్ది?" అని నవ్వారు.

తాగుబోతు పెళ్ళాం అనే మాట మోస్తూనే మా అమ్మ పోయింది.

బాబాయ్ మర్చిపోలేదు. జుట్టు నెరిశాక కంప్యూటర్ నేర్చుకున్నాడు. ఆ నెగెటివ్ స్కాన్ చేసి, నెలల తరబడి రంగులతో కుస్తీ పట్టి, గోడంత డిజిటల్ ప్రింట్ తీశాడు.

మసక వెనక నుంచి నాన్న మొహం వచ్చింది. ఆ వెనక క్వారీ బోర్డు కూడా వచ్చింది, ఓనరు పేరుతో సహా.

నేను పుట్టకముందే పోయిన మా నాన్నని చూడటం అదే మొదటిసారి. ఆయనకి ఇంకో ఫోటో లేదు.

తర్వాత టౌన్‌లో ఎగ్జిబిషన్ పెట్టాడు. చీఫ్ గెస్ట్‌గా ఎవరిని పిలిచాడో తెలుసా? ఆ ఓనర్నే. శాలువా కప్పి, చెయ్యి పట్టుకుని నడిపించి, ఆ ఫోటో ముందు నిలబెట్టాడు.

ఓనరు కళ్ళు చికిలించి చూశాడు. "ఏందయ్యా అంచున ఈ ఎరుపు? బాగుచేయలేదా?"

"అది నేను చేసింది కాదండీ. మీరు రీలు పీకినప్పుడు పడ్డ ఎండ."

ఆయన శాలువా కుర్చీలో పడేసి వెళ్ళిపోయాడు. నేను చప్పట్లు కొట్టాను. నాకేం సిగ్గులేదు.

ఆ ప్రింట్ ఇప్పటికీ స్టూడియో ముందు అద్దం వెనక రోడ్డుకి కనపడేలా ఉంది. నిన్న బాబాయ్‌ని ఇంకా తీసుకెళ్ళకముందే ఓనరు కొడుకు ఫోన్ చేశాడు.

"కోటేశ్వర్రావు గారు పోయారు గదా అక్కా, ఇంక ఆ బొమ్మ తీసేయించు. మా నాయన చానా పెద్దోడైపోయాడు."

"మీ నాయన పెద్దోడయ్యాడు. మా నాయన కాలేదు" అని పెట్టేశాను.

బాబాయ్, స్కాన్ ఫైల్ నా దగ్గరుంది. నీ పెద్దకర్మ రోజు ఆ ఓనరు ఊళ్ళోనే, మాచర్ల బస్టాండ్ ముందు నీ నివాళి ఫ్లెక్స్ కడుతున్నాను. నీ మొహం చిన్నగా, ఆ ఫోటో పెద్దగా, బోర్డు చదవగలిగేలా. ఫ్లెక్స్ మీద రంగులు చచ్చిపోతాయని నీకు ఒళ్ళుమంట. ఈ ఒక్కసారికి ఓర్చుకో.

వెళ్ళిరా బాబాయ్. నువ్వు ప్రశాంతంగా నిద్రపో.
ఆయన్ని నేను నిద్రపోనివ్వను.