యోనా సంచిలో పచ్చదీపం

మందమర్రి దాటాక బస్సు టైరు పోయింది. తెలంగాణ రావడానికి ముందటేడు, ఎండాకాలం. దిగినవాళ్లంతా నీడ వెతుక్కుంటుంటే ఒకాయన మాత్రం సంచిని పొట్టకు ఆనించుకుని ఎండలోనే నిలబడ్డాడు. సంచిలోంచి వైర్లు వేలాడుతున్నాయి. లోపల పచ్చదీపం వెలుగుతోంది.

“ఏందన్నా అది? పేలేదైతే గాదు గద?” అన్నాడు కండక్టరు.

“పాటల పెట్టె. మీకేం ఫికర్ లేదు, నాకే ఉన్నది.”

ఆ జవాబు విని ఆయన పక్కకు చేరాను. నాకు గోలేటిలో పనేమీ లేదు, టికెట్టు మాత్రం అక్కడికే తీసుకున్నాను. ఆయన పేరు యోనా. గోదావరిఖనిలో బాయి పని, అంటే గని లోపల నీళ్లు తోడే పంపుల కరెంటు చూస్తాడు. సంచిలో ఉన్నది ఆడియో ఇంటర్‌ఫేస్. మైకు గొంతును కంప్యూటరులోకి పంపడానికి రికార్డింగు వాళ్లు వాడతారు. ఈయన దాన్ని కంప్యూటరు లేకుండా వాడబోతున్నాడు. గోలేటి చర్చి యాంప్లిఫయరుకు మైకు రంధ్రాలు కాలిపోయాయి, సీడీ ప్లేయరు కలిపే రంధ్రం ఒక్కటే మిగిలింది. అందులో మైకు నేరుగా పెడితే గుసగుసే. మధ్యలో ఈ పెట్టె ఉంటే గొంతు పెరుగుతుంది.

“జైపాల్ అని మా దోస్తు. రికార్డింగు దుకాణమున్నది. మైకుల మాట సీదా బయటికే పోవాలెనని కంప్యూటర్ల సెట్టు చేసి ఇచ్చిండు కాకా. గానీ ఇది పాతది. కరెంటు తీస్తె అంత మర్చిపోతదట. అందుకే సంచిల బండి బ్యాటరీ పెట్టి దానికి తగిలిచ్చి పొద్దటి సంది ఆరకుంట తెస్తున్న.”

ప్రాణహిత అవతల ఒక ముసలామె పిడకలో నిప్పు దాచుకుని పొరుగూరికి నడిచి పోవడం చూశానొకసారి. అగ్గిపెట్టె ఆమె కొంగునే ఉంది. అడిగితే, “అగ్గిపెట్టెది వేరే నిప్పు” అంది. సరే, యోనా సంగతికి వస్తాను.

తుమ్మచెట్టు కింద మెడకు రుమాలు చుట్టుకుని కూర్చున్నది ఆయన భార్య రెజీనా. మెడలో గడ్డకు ఆపరేషనైంది. పెళ్లికి ముందునుంచీ చర్చి పాటల బృందాన్ని నడిపిన గొంతు ఇప్పుడు పక్కనున్నవాళ్లకే వినబడుతుంది. చనిపోయిన తన తల్లి జ్ఞాపకార్థం గోలేటి చర్చిలో జరిగే కూడికలో ఆమె పాడాలి.

“ఆఖరి బెంచీకి వినవడకపోతే ఇగ మందిల నోరు తెరువనన్నది కాకా. అన్నదంటే అన్నట్టే.”

రెజీనాకు ఆ మాట చేరనే చేరింది. “ఆ పెట్టెకే జరమొచ్చినట్టున్నది. పొద్దటి సంది దానికే కావలి. నాకు చాయ్ గూడ పోసిస్తలేడు,” అంది, గాలి కలిసిన గొంతుతో.

టైరు మార్చాక గోలేటిలో నేనూ వాళ్ల వెంటే దిగాను. మేం చేరేసరికి చర్చి నిండిపోయింది. పాస్టరు జాన్ ప్రసాద్ మైకు తెచ్చిచ్చాడు. “జల్ది కలుపు యోనా. వాక్యం కాంగనే పాటనే.”

యోనా కుడిచేత్తో మైకు వైరు అందుకున్నాడు. ఎడమచెయ్యి పోయి పెట్టెకున్న కరెంటు వైరు పీకి చొక్కా జేబులో వేసుకుంది.

గనిలో పద్ధతి అది. కరెంటున్న యంత్రం మీద చెయ్యి వెయ్యరు. ముందు ఫ్యూజు పీకి జేబులో పెట్టుకుంటారు. అది జేబులో ఉన్నంతసేపు ఇంకెవరూ స్విచ్చి వెయ్యలేరు. అలా బతికి బయటపడ్డవాళ్లున్నారు. ఆ చెయ్యి యోనాను అడగలేదు.

కరెంటు వైరు మళ్లీ పెట్టి, మైకునూ యాంప్లిఫయరునూ పెట్టెకు కలిపాడు. దీపం వెలిగింది. మైకులో రెజీనా మెల్లగా దగ్గితే పెట్టె మీద చిన్నలైటు మిణుకుమంది గానీ స్పీకరు పలకలేదు. జైపాల్‌కు ఫోను చేస్తే కలవలేదు.

“పాయె కాకా. నా చేతులతోటి నేనే చంపిన.”

పాస్టరు వాక్యం చెప్పడం ముగిసింది. రెజీనా లేచి పల్లవి ఎత్తుకుంది. వెనక బెంచీల్లో గుసగుసలు మొదలయ్యాయి. ఏమీ తోచక యోనా సంచిలోని హెడ్‌ఫోను తీసి పెట్టెకు తగిలించి, చెవులకు పెట్టుకుని, ఆ రంధ్రం పక్కనున్న బొత్తాం నొక్కాడు. ఒక చెవిది తీసి నా చెవికి ఆనించాడు. రెజీనా గొంతు, ఊపిరితో సహా. కంప్యూటరు నేర్పింది పోయినా చెవికిచ్చే దారి పెట్టెకు పుట్టుకతోనే ఉంది.

యాంప్లిఫయరు వైరును ఆ రంధ్రంలోకి మార్చాలి. ఎడమచెయ్యి మళ్లీ కరెంటు వైరు మీదికి పోయింది. తీస్తే పెట్టె తేరుకునేలోపు పాట సగమవుతుంది. యోనా ఆ చేతిని వీపు వెనక్కి పెట్టుకున్నాడు. కరెంటు ఉండగానే హెడ్‌ఫోను పీకి, కుడిచేత్తో వైరు గుచ్చాడు.

స్పీకరు ఢబ్బుమంది. యోనా తల వంచి కళ్లు మూసుకున్నాడు. ఆ వెంటే గొంతు వచ్చింది. రెజీనా ఒక్క క్షణం ఆగి, పల్లవి మొదటికి వెళ్లి మళ్లీ పాడింది. పాట అయ్యేదాకా ఆయన ఆ వైరు మీంచి వేలు తియ్యలేదు.

“ఆఖరి బెంచీకి వినవడ్డదా?” అన్నాడు నాతో.

“వినబడింది.”

“మీరు ముందటున్నరు గద. మీకెట్ల ఎర్క?”

లేచి వెనక్కి పోయి, గోడ పక్కనున్న ముసలామె ముందు వంగాడు. “వినవడ్డదా సారవ్వా?”

“మొదలు ఒక ముక్క పోయింది బిడ్డా. తర్వాత అంత ఇన్న.”

యోనా తలూపాడు. ఆడవాళ్ల మధ్య ఉన్న రెజీనా వైపు ఒకసారి చూశాడు. వెనక తలుపు తీసుకుని ఎండలోకి దిగి, ఎవరికీ చెప్పకుండా రోడ్డు పక్కనున్న చాయ్ హోటలు వైపు నడిచిపోయాడు.