పొద్దు పొడవక ముందు నూకాలమ్మ బోటు

2023 ఫిబ్రవరి. టెక్కలిలో మా స్టూడియో అప్పటికి ఒకే ఒక గది. ముందు సగంలో పాస్‌పోర్టు ఫోటోలకు నీలం గుడ్డ, వెనక సగంలో కంప్యూటరు, ప్రింటరు. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, పెన్షను కాగితాలకు ఫోటోలు, ఇవే మా పని. కెమెరా నాది. బండి నడపడం, లైటు పట్టుకోవడం మా ఆయన అప్పారావుది. ఆయన అంతకు ముందు రైసు మిల్లులో బస్తాలు మోసే కళాసీ. నేను ఇదే స్టూడియోలో, పాత యజమాని ఉన్న రోజుల్లో, ఊడ్చే పనికి చేరి, ఫోటోలు కత్తిరించడం నేర్చుకుని, చివరికి కెమెరా పట్టాను. అక్షరాలు నేర్చుకున్నది మాత్రం నలభై దాటాక, రాత్రి బడిలో. అంతవరకు కెమెరా చక్రం మీద ఉండే ఇంగ్లీషు ‘ఎం’ అనే గుర్తు నాకు పక్కపక్కనే ఉన్న రెండు ఇళ్ల కప్పులు. ఎం అంటే మాన్యువల్ అనీ, అది పెడితే కెమెరా తన తెలివి మానేసి మనం చెప్పినట్టు వింటుందనీ తరవాత చదివి తెలుసుకున్నాను.

ఆ నెలలో ఒక మధ్యాహ్నం, సముద్రం ఒడ్డున ఉన్న భావనపాడు నుంచి నూకాలమ్మ వచ్చింది. చేపల గంప గుమ్మం బయట దించి అక్కడే నిలబడిపోయింది.

"లోపలికి రా అప్పా" అన్నాను. మా వైపు అక్కను అప్ప అంటాం.

"వాసనేస్తాను. నీ ఫోటోలకి పట్టేస్తాదేమో."

"ఫోటోలకి ముక్కు నేదులే, రా."

నవ్వుకుంటూ వచ్చి కూర్చుంది. ఆమె ఎన్నో ఏళ్లు గంప నెత్తిన పెట్టుకుని మా వీధులన్నీ తిరిగి, ఇప్పుడు సొంతంగా ఫైబరు బోటు చేయించుకుంది. వేటకు వెళ్లేది అల్లుళ్లు. బోటు మీద పేరు మాత్రం ఆమెదే.

"నా బోటు మొదటిసారి నీళ్లు ముట్టుకున్నప్పుడు, నానూ అదీ కలిసున్న ఫోటో గావాల. ముగ్గురు కూతుళ్ల పెళ్లిళ్లు సేసేను. ఒక్క ఫోటోలోనూ నా మొకం నేదు. ఒక దాన్లో సెయ్యి ఉన్నాది, కూర గరిటితో. నా మొకం ఉన్నది ఆధార్ కార్డు మీదొక్కటే. అందులో దొంగదాన్లాగున్నాను."

"ఎప్పుడు దించుతారు?"

"వచ్చే వారం. పొద్దు పొడవక ముందే. పొద్దు పొడిసేక దిగిన బోటు ఎండని మోసుకొస్తాది గానీ సేపల్ని కాదంటారు మా వోళ్లు."

"అప్పటికింకా సీకటే కదప్పా?"

"ఏటి సీకటి? నాకన్నీ కనపడతాయి. నీ కెమెరాకి కనపడవేటి?"

పెళ్లిలో అయితే తాళి కట్టేటప్పుడు ఎవరో అడ్డం వస్తే, మళ్లీ కట్టినట్టు నటించమని అడిగి ఫోటో తీసిన సందర్భాలున్నాయి. సముద్రంలోకి దిగిన బోటును వెనక్కి లాగి మళ్లీ దించమని ఎవరిని అడగగలం? మొదటిసారి నీళ్లు తాకడం ఒక్కసారే జరుగుతుంది. అయినా ఫ్లాష్ ఉంది కదా అన్న ధైర్యంతో ఒప్పుకున్నాను.

రెండు రోజుల తరవాత, చోటు చూసుకుందామని సాయంత్రం మసక పడే వేళకు భావనపాడు వెళ్లాం. నేను ఒడ్డున అటూ ఇటూ తిరిగి ఎక్కడ నిలబడాలో చూసుకుంటుంటే, మా ఆయన ఫ్లాష్ స్టాండు ఇసకలో పాతి, పని చేస్తోందో లేదో చూడ్డానికి బొత్తాం నొక్కాడు. మెరిసింది. మళ్లీ నొక్కాడు. ఇంకా నాలుగైదు సార్లు నొక్కాడు. ఫ్లాష్ ముఖం సముద్రం వైపు ఉంది.

మాకు తెలియని సంగతి ఒకటుంది. బోట్లు లోపలికి వెళ్లాక ఫోను సిగ్నలు అందదు. ఊళ్లో ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే ఒడ్డు నుంచి పెద్ద టార్చి లైటు ఆర్పుతూ వెలిగిస్తారట. అది కనిపిస్తే వేట ఆపి వెనక్కి రావాలి.

కాసేపటికి రెండు బోట్లు గాలి దుమారంలా ఒడ్డుకు వచ్చి ఎక్కాయి. ముందు బోటులోంచి ఒకతను మోకాలి లోతు నీళ్లలోకి దూకి పరుగెత్తుకొచ్చాడు.

"ఏటయ్యింది? ఎవులికేటయ్యింది?"

"ఏటీ అవనేదు బావా. బేటరీ సూస్తన్నాను" అన్నాడు మా ఆయన.

"బేటరీయా! మా అత్త పోయిందేమోనని పేనాలు బిగబట్టుకుని వచ్చేను కదరా!"

ఎండు చేపలు తిరగేస్తున్న ఒక ముసలావిడ అక్కడి నుంచే కేకేసింది. "నీ ఆశ మండిపోనూ! ఇక్కడే ఉన్నాను సూడు. ఎల్లు, ఎల్లి వలేసుకో!"

ఒడ్డంతా పగలబడి నవ్వింది. ఆ అల్లుడు కూడా తల గోక్కుంటూ నవ్వాడు. గోల విని వచ్చిన ఊరి కులపెద్ద మాత్రం నవ్వలేదు. "సూడమ్మా, నూకాలు మా మనిషి, నీ ఫోటో నువ్వు తీసుకో. గానీ సముద్రం ఏపు ఆ మెరుపు ఇంకోపాలి మెరిసిందంటే, నీ కెమెరా మా వల్లో ఉంటాది" అన్నాడు. బోటును దించే వేళకు కూడా కొన్ని బోట్లు వేటలోనే ఉంటాయి. కాబట్టి ఫ్లాష్ లేదు. అసలు చిక్కు అక్కడ మొదలైంది.

ఈ పని తెలియని వారి కోసం ఒక మాట. ఫ్లాష్ లేకుండా మసక వెలుతురులో ఫోటో తీయడానికి మూడే దారులు. ఒకటి అపర్చర్, అంటే లెన్సు లోపల వెలుతురు వచ్చే కంత. అది ఎంత పెద్దదైతే అంత మంచిది. రెండోది షట్టర్ స్పీడు, అంటే లోపలి తలుపు ఎంతసేపు తెరిచి ఉంటుందన్నది. ఎక్కువసేపు తెరిస్తే వెలుతురు ఎక్కువ వస్తుంది గానీ, ఆలోగా కదిలిన మనిషి పొగలా చెదిరిపోతాడు. మూడోది ఐఎస్‌ఓ, అంటే వచ్చిన కాస్త వెలుతురునే పెంచి చూపించే గుణం. మరీ పెంచితే ఫోటో మీద ఇడ్లీ రవ్వ చల్లినట్టు చుక్కలు పడతాయి. దాన్ని నాయిస్ అంటాం. నా లెన్సు కెమెరాతో పాటు వచ్చినది, కంత చిన్నది. నా కెమెరాలో ఐఎస్‌ఓ కాస్త పెంచితే చాలు, రవ్వే.

తిరిగి వస్తుంటే బండి మీద మా ఆయన అన్నాడు. "ఒసే నరసమ్మా, కొత్త కెమెరా కొనీద్దామే. సీటీ ఎత్తీద్దాం." నెలనెలా కడుతున్న చీటీ పాడి ఆ డబ్బు తీసుకుందామని ఆయన ఉద్దేశం.

"మెరుపు మెరిపించింది నువ్వు. సీటీ ఎత్తేది నానా?"

"నా తప్పు దిద్దుకుందామనే కదే!"

"తప్పుకొక్క కెమెరా కొనుకుంటూ పోతే, మావా, మన ఇంట్లో కెమెరాలు తప్ప మనం పట్టం."

అలా అన్నాను గానీ నా మనసు కూడా కొత్త కెమెరా మీదే ఉంది. మర్నాడు విజయనగరం వెళ్లాం. అక్కడ కెమెరాలు అమ్మే, అద్దెకిచ్చే దుకాణం ఒకటి నాకు తెలుసు. దుకాణదారు ఫుల్ ఫ్రేమ్ కెమెరా ఒకటి చేతికిచ్చాడు. లోపల బొమ్మ పడే పలక, అంటే సెన్సరు, మా దానికంటే పెద్దది. పెద్ద పలక మీద వెలుతురు ఎక్కువ పడుతుంది, రవ్వ తక్కువ వస్తుంది.

"ఇది సీకటిని మింగేస్తాదమ్మా" అన్నాడు.

"మింగితే మింగింది, మనుసుల్ని ఉంచుతాదా?" అన్నాను.

అతను మంచివాడు. కొనమని ఒత్తిడి చేయలేదు. ఒక రోజు అద్దెకు తీసుకెళ్లి చూడమన్నాడు. వచ్చేస్తుంటే ఒక చిన్న లెన్సు తీసి, "దీన్ని మీ పాత కెమెరాకి తగిలించి సూడండి. జూమ్ ఉండదు, దూరం దగ్గర గావాలంటే మీరే నడవాల. గానీ కంత పెద్దది" అన్నాడు. జామకాయంత ఉంది. యాభై మిల్లీమీటర్ల లెన్సు కాబట్టి దాన్ని ఫిఫ్టీ అంటారు.

మర్నాడు తెల్లవారుజామున రెండు కెమెరాలతో భావనపాడు ఒడ్డున ఉన్నాం. మంచు కురుస్తోంది. వేరే వాళ్ల బోటు ఒకటి నీళ్లలోకి తోస్తున్నారు. దుంగల మీద బోటు, రెండు పక్కలా మనుషులు. సింహాద్రి తాత అనే పెద్దాయన పక్కన నిలబడి "ఏలేసో" అని రాగం తీస్తాడు. అందరూ "ఐస్సా" అంటూ ఒక్క తోపు తోస్తారు. బోటు నాలుగడుగులు జరుగుతుంది. మళ్లీ రాగం. మధ్యలో తాత తోచిన మాటలు కట్టి ఒక్కొక్కరిని ఎగతాళి చేస్తుంటాడు. నేను ఒకసారి ఆ కెమెరాతో, ఒకసారి ఈ కెమెరాతో తీస్తూనే ఉన్నాను.

టీ బడ్డీ దగ్గర కూర్చుని ఫోటోలు చూసుకున్నాం. కొత్త కెమెరాలో రవ్వ నిజంగా తక్కువ. కానీ ఆ మసకలో దానితో తీసినవి కూడా చాలావరకు చెదిరిపోయాయి. తోసేవాళ్లు పొగమంచులో పొగలా ఉన్నారు. చిత్రమేమిటంటే రెండు కెమెరాల్లోనూ అక్కడక్కడ ఒక ఫోటో మాత్రం రాతి మీద చెక్కినట్టు స్పష్టంగా వచ్చింది. నాకు కారణం తెలియలేదు. మా ఆయన టీ గ్లాసు పక్కన పెట్టి ఆ ఫోటోలు మళ్లీ మళ్లీ చూశాడు.

"ఇది ‘ఐస్సా’ తరవాతదే. ఇదీ అంతే. ఇదీ."

"ఎలగ తెలిసింది?"

"భుజాలు సూడు, దిగిపోయున్నాయి. బస్తా ఎత్తినోడికి తెలుస్తాది. తోసీసినాక ఒక్క ఊపిరి తీసుకుంటారు. అప్పుడెవుడూ కదలడు. కదిలితే నడుం పట్టేస్తాది."

నేను ఇందాకటి నుంచీ తోసేటప్పుడు నొక్కుతున్నాను. నొక్కాల్సింది తోశాక.

ఇంతలో నూకాలమ్మ వచ్చి కొత్త కెమెరాలో ఐఎస్‌ఓ బాగా పెంచి తీసిన ఫోటో చూసి మూతి విరిచింది. "ఇదేటప్పా, మద్దేన్నంలాగున్నాది? పొద్దు పొడిసీసినాక దించేనని మా ఆడపడుసు అనదా?" నా పాత కెమెరాకి చిన్న లెన్సు పెట్టి తీసింది చూపించాను. ఆకాశం నీలంగా, మనుషులు నల్లగా, ముఖాల మీద మాత్రం పలచటి వెలుగు. "ఇలగ. ఇలగే ఉంటాది" అంది.

కొత్త కెమెరా ఆ రోజే తిరిగి ఇచ్చేశాం. చిన్న లెన్సు కొనుక్కున్నాం. చీటీ ఎత్తలేదు.

ఇక మిగిలింది సింహాద్రి తాత. ఆ ఊపిరి విరామం నాకు చాలా చిన్నది. ఇంకాస్త సాగితే తప్ప ఫోటో నమ్మకంగా రాదు. వెళ్లి అడిగాను.

"నీ ఫోటో కోసం నా పాట ఆపాలా?" అన్నాడు.

"ఆపొద్దు తాతా. బోటు ముక్కు నీళ్లు ముట్టుకున్నప్పుడు ఇంకొక్క ఊపిరి సాగదీయి సాలు."

"అల నీ మాటింటాదేటి?"

"అల ఇనదు. మనుసులు నీ మాటింటారు కదా."

ఆ మాటకు మీసం దువ్వుకున్నాడు గానీ సరేనని అనలేదు.

అనుకున్న రోజు వచ్చింది. తూర్పున ఇంకా ఎరుపు లేదు. బోటుకు పసుపు, కుంకుమ, బంతిపూల దండ. నూకాలమ్మ కొత్త చీర కట్టి, కొబ్బరికాయ కొట్టి, బోటు ముక్కు మీద చెయ్యి వేసి నిలబడింది. ఇసకలో ట్రైపాడు దిగబడుతుంటే, ఆమె గంపే బోర్లించి దాని మీద కెమెరా ఆనించాను. నీళ్ల అంచున బోర్లా పడుకున్నట్టే ఉన్నాను. మా ఆయన నా కాళ్లు పట్టుకుని, అలకు కొట్టుకుపోకుండా కాపలా కాస్తున్నాడు.

"ఏలేసో..." "ఐస్సా!" బోటు కదిలింది. ప్రతి ఐస్సా తరవాత ఒకటి తీస్తున్నాను. మనుషులు స్పష్టంగానే వస్తున్నారు. నూకాలమ్మ మాత్రం కెమెరా కనపడగానే బిగుసుకుపోయి గుడ్లు మిటకరిస్తోంది. అచ్చం ఆధార్ కార్డు.

"అప్పా, నన్ను సూడకు!"

"మరెవుల్ని సూడాల? డబ్బులు నీకే కదా ఇత్తన్నాను!"

బోటు తడి ఇసక దాటింది. ఇంకొక్క తోపు. "ఐస్సా!" ముక్కు నీళ్లలోకి దిగింది. మనుషులు ఊపిరి కోసం ఆగారు. ఆ ఆగిన చోట తాత రాగం ఎత్తలేదు. తీరిగ్గా గొంతు సవరించుకుని, మాట కట్టాడు.

"గంప దించీసింది నూకాలూ... బోటు మా నెత్తికెత్తీసింది నూకాలూ..."

"ఓరి ముసిలోడా!" అని నూకాలమ్మ తల వెనక్కి వాల్చి, నోరంతా తెరిచి నవ్వింది. చెయ్యి మాత్రం బోటు మీద నుంచి తీయలేదు. రెండు పక్కలా మనుషులు బోటు బరువుతో ఒంగి, అలాగే ఆగి, కళ్లు మాత్రం తాత వైపు తిప్పి నవ్వుతున్నారు.

నేను నొక్కుతూనే ఉన్నాను.

"తాతా, అను బేగి! అల ఎల్లిపోతంది!" అని ఒక అల్లుడు మొత్తుకున్నాడు.

"ఏలేసో!" "ఐస్సా!" బోటు తేలింది. ఒక అల వచ్చి నన్నూ, మా ఆయననూ, గంపనూ కలిపి ముంచింది. కెమెరాను తల మీదికి ఎత్తి పట్టుకున్నాను. ఒడ్డున ఉన్న ఆడవాళ్లందరూ బోటును వదిలేసి మమ్మల్ని చూసి నవ్వారు.

ఆ ఆఖరి విరామంలో తీసిన వాటిలో ఒకటి నేను ఎదురుచూసిన దానికంటే బాగా వచ్చింది. పెద్దది ప్రింటు వేసి పట్టుకెళ్లాను. నూకాలమ్మ చేతులు కడుక్కుని, చీర కొంగుతో తుడుచుకుని అందుకుంది. వెలుగు వైపు తిప్పి చూసింది.

"పళ్లన్నీ కనపడతన్నాయి" అంది.

"బాగునేదేటప్పా?"

"నాను నవ్వితే ఇలగుంటానా? ఎవులూ సెప్పనేదేటి నాకు?" అని కూతుళ్లను కేకేసి పిలిచింది.

తరవాత రెండేళ్లకు కొత్త కెమెరా కొన్నాను. తప్పెటగుళ్లు ఆడేవాళ్లను సాయంత్రం వేళ తీయాల్సి వచ్చింది. వాళ్లు గుండె మీద రేకు కొడుతూ ఎగురుతుంటే మధ్యలో విరామమే ఉండదు. అక్కడ షట్టరు వేగంగా తెరిచి మూయాల్సిందే, దానికి ఆ పెద్ద సెన్సరే కావాలి. కొన్నందుకు నాకు విచారం లేదు. ఇప్పుడు కొత్తగా ఈ పనిలోకి వచ్చిన పిల్లలు చీకట్లో తీయడానికి ఏ కెమెరా కొనాలని అడుగుతుంటారు. ముందు పెద్ద కంత ఉన్న చిన్న లెన్సు కొనుక్కోమంటాను. తరవాత, తీయబోయే మనుషుల దగ్గరికి కెమెరా లేకుండా ఒకసారి వెళ్లి, వాళ్లు ఎప్పుడు ఊపిరి తీసుకుంటారో చూసి రమ్మంటాను. ఎప్పుడూ ఆగరని తేలితే అప్పుడు చీటీ ఎత్తమంటాను.