ఏడేళ్ళ తప్పు

ఆఫీసులో ఆవిడను భూతద్దం అక్క అనేవారు. మొదట్లో వెనకాల అన్నారు, తరువాత ఎదురుగానే పిలిచారు, ఆవిడా పలికింది. ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం ఆవిడ పని. ఇరవై ఆరేళ్ళుగా అదే పని. కాగితం చివర ఆవిడ "సరిచూశాను" అని రాస్తే ఇక ఎవరూ అటు చూసేవారు కాదు.

ఇంట్లోనూ అంతే. మందు సీసా మీది చీటీ చివరి అక్షరందాకా చదవనిదే మూత తీయదు.

"జబ్బు దానంతటదే తగ్గాక వేస్తావా ఏం?" అనేవాడు భర్త.

"తప్పు మందయితే జబ్బుతోపాటు మనిషీ పోతాడు. చదవనీ."

ఆ రోజు ఉదయం తొమ్మిదిన్నరకు ఆవిడ కంప్యూటరులోకి ఒక ఉత్తరం వచ్చింది. సంస్థ రూపు మారుస్తున్నారట. ఆవిడ స్థానం ఇక ఉండదట. సాయంత్రం ఐదు గంటలకు లాగిన్ మూసేస్తారట.

దేనినైనా ఆవిడ మూడుసార్లు చదువుతుంది. ఒకసారి అర్థం కోసం, ఒకసారి అంకెల కోసం, ఒకసారి అక్షరాల కోసం. మొదటిసారి చివరిదాకా చదివింది. రెండోసారి సగంలో ఆగిపోయింది. చేరిన తేదీ తప్పు. ఇరవై ఆరేళ్ళకు పంతొమ్మిదే ఉన్నాయి. వెళ్ళేటప్పుడు ఇచ్చే డబ్బూ ఆ లెక్కనే.

లెక్కలో పోయిన ఏడేళ్ళూ ఒక టైర్ల దుకాణం మీది రెండు గదులవి. అప్పుడది చిన్న సంస్థ, ముప్ఫై మంది. వాన పడితే కంప్యూటర్లు ఎత్తుకుని పక్క గదిలోకి పరుగెత్తేవారు. కూతుర్ని బల్ల కింద చాప మీద పడుకోబెట్టి, కాలితో జోకొడుతూ ఆవిడ పని నేర్చుకుంది అక్కడే. తరువాత ఈ పెద్ద సంస్థ ఆ చిన్న సంస్థను కొనేసింది.

సిబ్బంది విభాగానికి ఫోను చేసింది.

"సిస్టంలో అలాగే ఉంది మేడమ్," అంది అవతలి అమ్మాయి.

"సిస్టంలోనే తప్పుంది తల్లీ."

"అయితే టికెట్ పెట్టండి మేడమ్. ఐదులోపు పెట్టెయ్యండి, తర్వాత మీకు కుదరదు."

టికెట్ అంటే తప్పు సరిచేయమని కంప్యూటరులో పెట్టే అర్జీ. అది పెట్టాలంటే తప్పు ఎక్కడుందో చూపాలి. పాత ఫైళ్ళు తవ్వింది. మధ్యాహ్నానికి దొరికింది. కొన్నప్పుడు చిన్న సంస్థ వాళ్ళ వివరాలన్నీ పెద్ద సంస్థలోకి ఒక ప్రోగ్రాముతో ఎక్కించారు. కొన్న రోజుకు ముందు తేదీ ఏది కనిపించినా, ఆ ప్రోగ్రాము దాన్ని చెరిపి కొన్న తేదీనే వేసింది. ఆ ప్రోగ్రామును పరీక్షించిన కాగితం తెరిచింది. చివర "సరిచూశాను. తప్పులు లేవు" అని ఉంది. కింద ఉన్నది ఆవిడ పేరే.

అంతా గుర్తొచ్చింది. పరీక్ష కోసం ఇరవై మంది లేని మనుషుల్ని కల్పించింది. వాళ్ళకు పేర్లు, ఇళ్ళు, పుట్టినరోజులు ఇచ్చింది. ఒకడికి కావాలనే ఫిబ్రవరి ఇరవై తొమ్మిది పెట్టింది. అందరినీ కొన్న రోజు తరువాతే ఉద్యోగంలో చేర్చింది. పాత మనుషులెవరూ ఆవిడకు తట్టలేదు. తనకు తానే తట్టలేదు.

ఆ ముప్ఫై మందిలో ఇప్పుడు మిగిలింది నలుగురు. నలుగురికీ పొద్దున్నే ఉత్తరాలు వచ్చాయి. అందులో ఒకాయన కింది అంతస్తులో నెట్‌వర్కు తీగలు చూస్తాడు. తీగలాయన అంటారు. ఆవిడ మెట్లు దిగి ఆయన గదికి వెళ్ళింది. ఆయన స్టూలు మీద కూర్చుని తీగ చుట్ట చుడుతున్నాడు.

"ఏమ్మా భూతద్దం, ఉత్తరంలో ఎన్ని తప్పులు పట్టావు?"

"ఒకటే అన్నయ్యా. అదీ నేను చేసిందే."

చెప్పింది. ఆయన చుట్టడం ఆపకుండా విన్నాడు.

"చేరిన తేదీయేగా? పదేళ్ళ కిందటే చూశాలే. పాస్‌పోర్టుకని సర్టిఫికెట్ తీసుకున్నప్పుడు."

"చూసి నాతో ఒక్క ముక్క అనలేదేం? ఒక్క పూట పని కదా అన్నయ్యా!"

"అది సరిచూసింది నువ్వని అందరికీ తెలుసు. నువ్వు చూశాక ఇంకా తప్పెందుకు ఉంటుంది? కొన్న రోజు నుంచే లెక్క కాబోలు, మనకే తెలీదు అనుకున్నా."

ఆవిడ గోడకు ఆనుకుంది. తిట్టి ఉంటే బాగుండుననిపించింది.

ఆవిడ ముఖం చూసి ఆయనే అన్నాడు. "మీ వదినకి మాత్రం చెప్పకు. ఆ ఏడేళ్ళూ పొద్దున్నే డబ్బా కట్టించుకుని ఎక్కడికి వెళ్ళేవాడివని నిలదీస్తుంది."

ఆవిడ నవ్వబోయింది. నవ్వు రాలేదు.

పైకి వచ్చేసరికి నాలుగు దాటింది. ప్రోగ్రాములో ఏ వరుస మార్చాలో కళ్ళ ముందే ఉంది. కానీ చూడటానికే అనుమతి ఉంది. మార్చే అనుమతి పొద్దున్నే తీసేశారు. టికెట్ రాయడం మొదలుపెట్టింది. తప్పు ఏమిటో, ఎలా జరిగిందో, ఎవరి వల్ల జరిగిందో, ఎలా సరిచేయాలో పది వాక్యాల్లో రాసింది.

సరిచేయవలసినవారు అన్న గడిలో కంప్యూటరు ఆవిడ పేరే నింపింది. ఆ పాత ప్రోగ్రాముకు ఇన్నాళ్ళూ పూచీ ఆవిడదే మరి. చెరిపేసింది. ఇంకెవరి పేరు రాయాలో తెలియలేదు. ఖాళీగా వదిలింది.

చివరి గడి, తప్పు తీవ్రత. దానికో నియమం ఉంది. ఆ నియమం రాసింది ఆవిడే. కొత్తగా చేరిన ప్రతివారికీ నేర్పిందీ ఆవిడే. ఎంత మందికి నష్టమో లెక్కపెట్టాలి. పది మందికి తక్కువైతే అల్పం. అల్పమైన వాటిని ఎవరికైనా తీరిక దొరికినప్పుడు చూస్తారు.

తీగలాయన, తాను, మరో ఇద్దరు. మళ్ళీ లెక్కపెట్టింది. నలుగురే.

తీవ్రం అని పెట్టినా అడిగేవారు లేరు. ఆవిడ పెట్టిందంటే ఎవరూ మార్చరు. తీవ్రం అన్న మాట మీద వేలు చాలాసేపు ఆగింది.

అల్పం అని పెట్టి, పంపింది. ఐదు గంటలకు తెర నల్లబడేదాకా కుర్చీలోంచి లేవలేదు.